కాలువ వదిలిన నాటి నుంచి కనుమ దాకా



కనుమ నాటి ఉదయం కోనసీమలో ఏ రేవు దగ్గర నిలబడినా కనిపించే దృశ్యమే ఇది. గేదెల్ని, ఆవుల్ని కాలువలోకి దింపి, కొబ్బరి పీచుతో ఒళ్లంతా రుద్ది కడుగుతారు. కొమ్ములకు రంగు పూసి, మెడలో బంతిపూల దండ వేస్తారు. ఆ మధ్యాహ్నమే అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటకు ప్రభలు బయలుదేరతాయి. కౌశిక కాలువ నీళ్లలోంచి, పచ్చని చేలలోంచి వాటిని భుజాల మీద మోసుకొస్తుంటే చూడటానికి ఊళ్లకు ఊళ్లు కదిలివస్తాయి. పశువుకీ నీటికీ పండగ చేసుకునే నేల ఇది.

ఆ దండ వేసే చెయ్యి ఒక్క క్షణం గేదె దవడ కింద ఆగితే బాగుంటుంది. కొన్ని పశువులకు అక్కడ మెత్తగా, చల్లగా ఒక సంచి వేలాడుతూ ఉంటుంది. బొటనవేలితో నొక్కి తీస్తే, పిండి ముద్ద మీద వేలు గుచ్చినట్టు గుంట పడి, నింపాదిగా పూడుతుంది. పగలంతా తల వంచి మేసి సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ సంచి నిండుగా ఉంటుంది. రాత్రంతా తల ఎత్తి నెమరేసుకున్నాక తెల్లారేసరికి తగ్గుతుంది. దాంతో పాలు తీసేవాళ్లు ‘తగ్గిపోయిందిలే’ అనుకుంటారు. నిజానికి ఆ వాపు తగ్గలేదు, ఒంట్లోనే సర్దుకుంది. రక్తంలో ఉండాల్సిన మాంసకృత్తులు తరిగిపోయినప్పుడు నీరు రక్తనాళాల్లో నిలవక ఇలా కిందికి దిగుతుంది. వాటిని తరిగించేది కార్జంలో కాపురం పెట్టిన జలగ.

ఈ ఉపన్యాసం యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతికి అంకితం. 1895 జనవరి 12న, అంటే సరిగ్గా సంక్రాంతి ముంగిట్లో, భీమవరంలో పుట్టిన మనిషి ఆయన. రాజమండ్రిలో చదువుకున్నారు, మద్రాసులో వైద్యం చదివారు, ఆపై హార్వర్డ్‌కు వెళ్లారు. తర్వాత లెడర్లే సంస్థలో ఆయన నడిపించిన పరిశోధనల్లోంచి పుట్టిన మందుల్లో బోదకాలు పురుగు మీద పనిచేసే హెట్రజాన్ ఒకటి. 1948లో ఆయన కన్నుమూసే నాటికి ఆ మందు లోకానికి తెలిసింది. రసాయన కుటుంబం ప్రకారం అది పైపరజీన్‌కు చుట్టం. ఆ పైపరజీన్‌నే మన పశువుల ఆసుపత్రుల్లో ఏలికపాములు పడ్డ దూడలకు తాగిస్తారు. మనిషి ఒంట్లోని బోదకాలు పురుగుకైనా పశువు కార్జంలోని జలగకైనా ఇక్కడ పుట్టిల్లు నిలవ నీరే. అందుకే సుబ్బారావు గారిని తలుచుకునే రోజున గేదెల నట్టల గురించి మాట్లాడుకోవడం సముచితమనిపించింది.

కోనసీమను ఇంజనీర్లు గోదావరి మధ్య డెల్టా అంటారు. ఒకవైపు గౌతమి, మరోవైపు వశిష్ఠ, నడుమ వైనతేయ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ లంకభూములకు కాలువలు వచ్చాయి. బొబ్బర్లంక దగ్గర మొదలైన నీరు కొత్తపేట, అమలాపురం వైపు పాయలుగా విడిపోతుంది. గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి రాజోలు దీవికి చేరుతుంది. కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం. అన్నం పెట్టిన తల్లి పేరు అన్నం పండించే నీటికి తగినదే. ఆ నీటితో సార్వా, దాళ్వా రెండు పంటలు వచ్చాయి. దున్నడానికి దున్నలు, పాలకు గేదెలు, వాటికి గడ్డి, పిల్లిపెసర, జనుము వచ్చాయి. నత్తలు కూడా వచ్చాయి.

నత్త అనగానే మనకు గుర్తొచ్చేది చెరువుల్లో దొరికే పెద్ద నత్తగుల్ల. పాపం దానికి ఈ నేరంతో సంబంధం లేదు. కార్జపు జలగను మోసేది లిమ్నియా జాతి నత్త. గోరంత ఉంటుంది, పెంకు పల్చన, నోరు చెవిలా విచ్చుకుని ఉంటుంది. బోదె గట్టున, గుర్రపుడెక్క వేళ్ల మధ్య, కుడితి గోలెం పక్కన పాచి పట్టిన తడిలో అది బతుకుతుంది. ఇంకొకటి చుట్ట చుట్టిన చక్రంలా పలచగా ఉండే ఇండోప్లానార్బిస్. దాని కథ తర్వాత వస్తుంది.

జలగ బతుకు చక్రాన్ని మొదట విప్పింది మన దగ్గర కాదు. ఇంగ్లండులో 1879, 1880ల్లో వానలు విపరీతంగా పడి, ఆ ఒక్క విడతలో సుమారు 30 లక్షల గొర్రెలు ఈ జలగ వల్ల చచ్చిపోయాయి. ఆ నష్టం చూసి కారణం కనిపెట్టే పనిని ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్జెర్నాన్ థామస్ అనే యువకుడికి అప్పగించారు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో రుడాల్ఫ్ లాయికార్ట్ అదే పని మీద విడిగా ఉన్నాడు. 1883 నాటికి ఇద్దరూ నత్త దగ్గరికే చేరారు. ఆ చక్రం ఇది: పేడలోని గుడ్డు నీటిలో పొదుగుతుంది, పిల్ల నత్తలో దూరుతుంది, నత్తలో వందలుగా పెరిగి బయటికొచ్చి గడ్డికి అంటుకుంటుంది, ఆ గడ్డి తిన్న పశువు కార్జానికి చేరుతుంది. అక్కడి జలగ చిన్నది. మన వేడి నేలల్లో ఉండేది ఫాసియోలా జైగాంటికా, పేరుకు తగ్గట్టే పెద్దది. ఏడు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. 1855లో కాబల్డ్ అనే శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టింది ఒక జిరాఫీ ఒంట్లో చూసి.

ఇప్పుడు ఆ చక్రాన్ని మన కాలువల పంచాంగం మీద పెట్టి చూద్దాం. ఈ ఉపన్యాసానికి ప్రాణం ఈ లెక్కే.

ఎండాకాలంలో పూడిక తీతకూ మరమ్మతులకూ కాలువలు కట్టేస్తారు. జూన్‌లో మళ్లీ నీళ్లు వదులుతారు. ఆ తొలి నీళ్లతో, తొలకరి వానతో గట్ల మీద, రేవుల్లో పడి ఉన్న పేడ బోదెల్లోకి జారుతుంది. అందులోని జలగ గుడ్లు ఈ వేడికి రెండు వారాల్లో పొదుగుతాయి. పొదిగిన పిల్లకు ఒక రోజే గడువు, ఆ లోపు నత్త దొరకాలి. నాట్లు పడిన చేలో నత్తకు కొదవేముంది? నత్తలో నెలన్నర, రెండు నెలలు పెరిగితే ఆగస్టు చివరకు, సెప్టెంబరుకు తోకపిల్లలు బయటికొస్తాయి. వరి దుబ్బు మొదటికి, బోదె గట్టు గడ్డికి అంటుకుని, తోక రాల్చుకుని, చుట్టూ గట్టి పొర కట్టుకుంటాయి. గేదె ఆ గడ్డి కొరుకుతుంది. పిల్ల జలగ పేగు గోడను చీల్చుకుని, పొట్ట ఖాళీలోంచి కార్జంలోకి దూరి, దాన్ని తొలుచుకుంటూ పిత్తనాళాలకు చేరి పెద్దదవడానికి మూడు నుంచి నాలుగు నెలలు. సెప్టెంబరుకు మూడున్నర నెలలు కలపండి. కనుమ వస్తుంది.

జూన్‌లో వదిలిన నీళ్లు జనవరిలో దవడ కింద సంచిగా వేలాడతాయన్నమాట. మధ్యలో ఏడు నెలలూ ఎవరికీ ఏమీ కనిపించదు. పాలు పూటకు పావులీటరో అరలీటరో తగ్గుతాయి, ‘వానాకాలం గడ్డి కదా’ అంటారు. ఎదకు రావడం ఆలస్యమవుతుంది, ‘ఈసారి కట్టలేదు’ అంటారు. మాంసం కొట్టు దగ్గర కార్జం కోసేటప్పుడు కత్తి కిరకిరమంటే అసలు సంగతి బయటపడుతుంది. పిత్తనాళాలు సున్నం పట్టి గొట్టాల్లా గట్టిపడి, కోసిన చోట ఆకులాంటి జలగలు గోధుమరంగు జిగురుతో పాటు జారి పడతాయి.

ఒంటి పంట నేలల్లో అయితే పొలం ఎండినప్పుడు నత్తలూ అణుగుతాయి. కోనసీమకు ఆ విరామం సరిగా దొరకదు. సార్వా కోశాక దాళ్వా వస్తుంది, ఏప్రిల్ దాకా చేలల్లో నీరు ఉంటుంది. మురుగు కాలువలు పూడిపోతే ఆ పైన కూడా ఉంటుంది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వాళ్లు చెప్పిన కష్టాల్లో ముంపు నీరు లాగని మురుగు కాలువలు కూడా ఉన్నాయి. ఆ మాటను అందరూ వరి లెక్కలోనే విన్నారు. నీరు లాగని చేను నత్తకు మాగాణి అనే సంగతి ఆ చర్చల్లో రావాల్సింది. సముద్రానికి దగ్గరగా ఉప్పు తగిలే చోట్ల ఈ నత్తలు బతకలేవు. అందుకని కాలువ చివరి ఉప్పు భూముల కంటే మంచినీరు సమృద్ధిగా పారే ఊళ్లలోనే జలగ బాధ ఎక్కువ ఉంటుంది.

దవడ కింద వాపు విషయంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. గొంతువాపు జబ్బుకూ అక్కడే వాపు వస్తుంది. అది సూక్ష్మజీవి తెచ్చేది, తొలకరి వానల్లో విరుచుకుపడుతుంది. ఒళ్లు కాలిపోయే జ్వరం, వాపు వేడిగా, నొప్పిగా, గట్టిగా ఉంటుంది. గుర్రుగుర్రుమంటూ ఊపిరి తీస్తూ ఒకటి రెండు రోజుల్లో పశువు ప్రాణం పోతుంది. దానికి వానలకు ముందే టీకా ఉంది. జలగ వాపు చల్లన, నొప్పి లేదు, వారాల తరబడి ఉంటుంది. మొదటిదాన్ని రెండోది అనుకుని నట్టల మందు తాగించి రేపటి దాకా ఆగితే పశువు దక్కదు. వేలు పెట్టి చూడటం, ఒళ్లు వేడి చూడటం పాలు తీసే ప్రతివాళ్లకూ రావాలి.

ఇక చక్రంలా ఉండే రెండో నత్త. ఇది పొట్ట జలగలను మోస్తుంది. గులాబీ రంగులో, చిన్న జామపిందెల్లా పెద్ద పొట్ట గోడకు గుంపుగా అతుక్కుని ఉండే ఈ పెద్ద జలగలు అంతగా బాధించవు. ప్రాణం తీసేవి వాటి పిల్లలు. చిన్నపేగు మొదట్లో వేలకొద్దీ దిగబడి గోడను కొరుకుతాయి. పశువు నీళ్ల పారుడు పెడుతుంది, దుర్వాసనతో తోక, తొడలు తడిసి ముద్దవుతాయి. వానలు తగ్గుముఖం పడుతున్న నెలల్లో వచ్చే ఈ పారుడుకు పేడ పరీక్షలో గుడ్లు కనిపించకపోవచ్చు. కారణం, పిల్లలు ఇంకా గుడ్లు పెట్టవు.

ఈ నత్తే ఇంకో జబ్బునూ మోస్తుంది. మేతలోంచి రాకుండా చర్మంలోంచే దూరి, ముక్కు రక్తనాళాల్లో స్థిరపడే షిస్టోసోమా నేసాలె. 1933లో దాన్ని కొత్త జాతిగా వర్ణించినవాడు మద్రాసుకు చెందిన అనంత నారాయణ రావు. అప్పటికి కోనసీమ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆవులకు, ఎద్దులకు ముక్కులో కాలీఫ్లవర్ లాంటి గడ్డలు లేచి, చీమిడి కారి, దూరం నుంచే గురక వినిపిస్తుంది. గేదె ముక్కులో అదే పురుగు ఉన్నా చాలాసార్లు గడ్డ కట్టదు, గురక రాదు. అందువల్ల ఏ మందూ పడదు, గుడ్లు మాత్రం చీమిడితో నీళ్లలో పడుతూనే ఉంటాయి. గుర్రాలకూ ఇది సోకుతుంది. నాట్లు వేసే కూలీల పిక్కల మీద లేచే దద్దుర్లలో, దురదలో కొంత ఇలాంటి పశువుల పురుగుల పిల్లలు దారి తప్పి మనిషి చర్మంలో దూరి చచ్చిపోవడం వల్ల వచ్చేదే.

అన్నిటికంటే బాధ కలిగించేది దూడల సంగతి. గేదెలు ఎక్కువగా వానాకాలం నుంచి చలికాలం మొదలు దాకా ఈనుతాయి. పుట్టినప్పుడు నల్లగా నిగనిగలాడిన దూడ మూడు వారాలు తిరిగేసరికి వెంట్రుకలు నిక్కబొడుచుకుని, పొట్ట ముందుకొచ్చి, బంకమన్ను రంగు పేడ వేస్తుంది. నోటి దగ్గర ముక్కు పెడితే పులిసిన వెన్న వాసన. పేగుల్లో జానెడుకు మించి పొడవున్న ఏలికపాములు చుట్టలు చుట్టలుగా ఉంటాయి. పాక ఎంత శుభ్రంగా ఊడ్చినా ఇది ఆగదు. ఎందుకంటే పురుగు వచ్చింది తల్లి పాలలోంచి. ఎప్పుడో తల్లి ఒంట్లో చేరి కండల్లో నిద్రపోతున్న పిల్లపురుగులు ఈనే వేళకు మేల్కొని పొదుగులోకి వస్తాయి. ముర్రుపాలు మానేయడం దీనికి పరిష్కారం కానే కాదు, ముర్రుపాలు లేని దూడ వేరే జబ్బులతో పోతుంది. చేయాల్సింది ఒక్కటే: పుట్టిన పదో రోజు నుంచి పదహారో రోజు లోపు పైపరజీన్ గానీ పైరాంటెల్ గానీ తూకానికి తగ్గట్టు తాగించడం. అప్పటికి పురుగు పెద్దదై గుడ్డు పెట్టదు కాబట్టి దూడా బతుకుతుంది, పాక నేలా శుభ్రంగా ఉంటుంది. నెల దాటాక పారుడు పట్టినప్పుడు మందు కోసం పరిగెడితే సగం పని చెడినట్టే. పెయ్యదూడకు చూపే శ్రద్ధ దున్నదూడకు చూపరు. ఆ నిర్లక్ష్యం మానాలి. వదిలేసిన దున్నదూడ పేడలోని గుడ్లే అదే పాకలోని చూడి గేదె కడుపులోకి పోతాయి.

మందు మాట వచ్చింది కనుక గుర్రాల కథ చెప్పుకోవాలి. జట్కాలు పోయాక కోనసీమలో గుర్రం అరుదు. నట్టల మందు విషయంలో ప్రపంచానికి గట్టి పాఠం మాత్రం గుర్రమే నేర్పింది. 1966లో అమెరికాలోని కెంటకీలో డ్రజ్, లయన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గుర్రాలకు రెండు నెలలకోసారి మందు ఇవ్వమన్నారు. వాళ్ల గురి రక్తనాళాల్లో తిరిగే పెద్ద పురుగు మీద. అది నిజంగానే తగ్గింది. లోకమంతా ఆ క్యాలెండరును పట్టుకుంది. ఎండలో గడ్డి మీద పురుగు పిల్లలు మాడిపోయే నెలల్లోనూ, పురుగే లేని గుర్రానికీ మందు పడింది. పేగు గోడలో దాక్కునే చిన్న పురుగులు ఆ మందులకు అలవాటుపడి మొండికెత్తాయి. 1999లో డెన్మార్క్ పశువైద్యుడి చీటీ లేకుండా నట్టల మందు అమ్మకూడదని కట్టడి చేసింది. ఇప్పుడు అక్కడ లద్దె పరీక్షలో గుడ్లు లెక్కపెట్టి, కాలాన్ని చూసి మందు ఇస్తారు. మందలో సుమారు ఐదో వంతు గుర్రాలే ఐదింట నాలుగు వంతుల గుడ్లు విడుస్తాయని ఇలాంటి లెక్కల్లోనే తేలింది.

మన దగ్గర పొరపాటు ఇంకో రూపంలో ఉంది. సామూహిక నట్టల నివారణ శిబిరం ఎప్పుడు పెడితే అప్పుడు, ఏ సీసా వస్తే అది. లేదంటే మందుల షాపులో ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షను. ఐవర్‌మెక్టిన్ గొప్ప మందు, సందేహం లేదు. జపాన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చి, 1981లో పశువుల మందుగా అమ్మకానికి వచ్చి, ఓమురా, క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ తెచ్చింది. గుండ్రటి పురుగుల్ని, గోమార్లను, గజ్జి పురుగుల్ని చంపుతుంది. కార్జపు జలగను మాత్రం తాకనైనా తాకదు. దానికి ఆక్సిక్లోజనైడ్ కావాలి, అది ఎదిగిన జలగను, పొట్ట జలగలను పడగొడుతుంది. కార్జాన్ని తొలిచే పిల్ల జలగను కూడా చంపాలంటే ట్రైక్లాబెండజోల్ కావాలి. మరో నట్టల మందు ఆల్బెండజోల్ చూలు తొలి నెలల్లో పడకూడదు. ఏ మందు పడ్డాక ఎన్ని రోజుల పాలు కేంద్రానికి పోయకూడదో సీసా మీద ఉంటుంది, అది చదివి చెప్పాల్సిన బాధ్యత మందు ఇచ్చేవాళ్లది.

ఏ పురుగో తెలియాలంటే పేడే చెప్పాలి. పరీక్షకు పెద్ద ఖర్చు లేదు. చెంచాడు పేడను గ్లాసు నీళ్లలో కలిపి, పలుచని గుడ్డలో వడగట్టి, కదపకుండా ఉంచితే జలగ గుడ్లు బరువు వల్ల అడుక్కి చేరతాయి. పై నీళ్లు ఒంపి, మళ్లీ నింపి, ఇలా మూడు నాలుగుసార్లు. మిగిలిన మడ్డిలో ఒక్క చుక్క మిథిలీన్ బ్లూ వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే గడ్డి నలుసులన్నీ నీలంగా మారతాయి. వాటి మధ్య కార్జపు జలగ గుడ్డు బంగారు పసుపులో మెరుస్తూ కనిపిస్తుంది, పొట్ట జలగ గుడ్డు రంగు లేకుండా గాజులా ఉంటుంది. ఏలికపాము గుడ్డును చూడాలంటే ఉప్పునీళ్లు చాలు, అది పైకి తేలుతుంది. ఊరి రైతు సేవా కేంద్రంలో ఉన్న పశుసంవర్ధక సహాయకుడు సీసాల్లో పేడ సేకరించి మండల ఆసుపత్రికి పంపితే, ఒక పూటలో ఊరు మొత్తం గుట్టు తెలుస్తుంది.

మందు కాని పనులూ ఉన్నాయి. ఇండోనేషియాలో సుహర్దోనో అనే పరిశోధకుడు, ఆయన సహచరులు వరి చేలల్లో చూసిందేమిటంటే, జలగ పిల్ల వరి దుబ్బు కింది భాగానికే అంటుకుని ఉంటుంది. కనుక కోతప్పుడు కాస్త పైనుంచి కోసిన గడ్డి, బాగా ఎండి మేటులో కొన్ని వారాలు మాగిన గడ్డి భయం లేనిది. కోసిన మర్నాడే తడి దుబ్బుల్లోకి గేదెల్ని తోలడమే ప్రమాదం. వాళ్లే ఇంకొకటి కనిపెట్టారు: బాతుల రెట్టను పశువుల పేడతో కలిపి చేలోకి పోనిస్తే, బాతుల్లో ఉండే వేరే పురుగు పిల్లలు అదే నత్తలో చేరి జలగ పిల్లల్ని తినేస్తాయి. మన డెల్టాలో కోతల తర్వాత చేలల్లో బాతుల మందలు తిరుగుతూనే ఉంటాయి. బాతు నత్తనూ తింటుంది. మన కాలువల కింద ఇలాంటి ప్రయోగం చేసి చూడటానికి కృష్ణా జిల్లా గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల విద్యార్థులకు ఇంతకంటే అనువైన నేల ఎక్కడుంది?

ఈ సభ ముందు ఒక్క ప్రతిపాదన ఉంచాలని ఉంది. ఏటా కాలువలు ఏ రోజు కట్టేస్తారో, ఏ రోజు వదులుతారో జలవనరుల శాఖ ప్రకటిస్తుంది. పశుసంవర్ధక శాఖ నట్టల శిబిరాలను ఆ తేదీలకు ముడిపెట్టాలి. కాలువలు కట్టిన నెలలో, నీళ్లు వదలడానికి కనీసం రెండు వారాల ముందు, ఒక కాలువ కింది ఊళ్లన్నీ ఒకే వారంలో జలగ మందు పట్టించాలి. గుడ్లు పెట్టే జలగలు అప్పటికి పోతే, కొత్త నీళ్లలోకి పడే పేడలో గుడ్లు అరుదవుతాయి. ఒక్క ఇల్లు పట్టించి పదిళ్లు మానేస్తే బోదె నీరు మారదు. రెండో విడత పేడ పరీక్ష చూసుకుని సంక్రాంతి తర్వాత. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఈనిన ప్రతి గేదె పేరు ఎదురుగా దూడ పదో రోజు తేదీని పాక రాటకు సుద్దతో రాసుకోవాలి. కాలువలు కట్టిన ఆ ఎండల్లోనే ఇంకో కాపలా కూడా కావాలి. నీరంతా ఇంకి రేవు పక్కన ఒక మడుగు మిగులుతుంది, దాని అంచునే పచ్చగడ్డి ఉంటుంది, బతికిన నత్తలన్నీ అక్కడే చేరతాయి, దాహం వేసిన పశువులూ అక్కడికే వస్తాయి. ఆ మడుగుకు నాలుగు కర్రలు పాతి, తాడు కట్టి, గేదెలకు బోరు నీళ్లు గోలెంలో పెట్టడం పంచాయతీకి ఒక పూట పని.